బతుకు లెక్కలు – 7: డెబ్బైతో భాగించిన బతుకు



రిటైర్‌మెంట్ దగ్గరపడ్డ ప్రైవేటు కార్మికుడికి ఈ దేశం ఇచ్చే సలహా ఒకటే: సర్దుకో. పెన్షన్ చాలదా? ఖర్చు తగ్గించుకో. చిన్న ఇంట్లోకి మారు. ఆరోగ్యం జాగ్రత్త. ఒంట్లో ఓపికుంటే ఇంకో పదేళ్లు ఏదో ఒక పని చూసుకో. యూట్యూబ్‌లో తెలుగులో డబ్బు పాఠాలు చెప్పే పెద్దమనుషులు ఇంకో మాట కలుపుతారు: పాతికేళ్లప్పుడే నెలకింత అని దాచి ఉంటే ఈపాటికి కోటి అయ్యేది కదా అని.

చిన్న ఇంట్లోకి మారమంటున్నారు. ఉన్నదే ఒక గది, ముందొక రేకుల వసారా. ఖర్చు తగ్గించమంటున్నారు. ఏది తగ్గించాలి? బీపీ బిళ్లలా, గ్యాస్ బండా, కరెంటు బిల్లా?

ఈ సలహా కడుపులో ఒక నింద ఉంది. నీ పెన్షన్ చిన్నదైందంటే నీకు ముందుచూపు లేదని. మనవాళ్లకు పొదుపు తెలీదు, వచ్చింది వచ్చినట్టు తినేస్తారు, తాగేస్తారు, పెళ్లిళ్లకు తగలేస్తారు అని ఊళ్లో అరుగుల మీద కూర్చుని అనే పాత మాటే ఇది. ఇప్పుడు దానికి ఫైనాన్స్ చొక్కా తొడిగారు, అంతే తేడా.

చెప్పదలచింది ముందే సూటిగా చెప్పేస్తాను. ప్రైవేటు కార్మికుడి పెన్షన్‌ను తయారుచేసే లెక్క ఒకటుంది. ఆ లెక్కలోకి అడుగడుగునా కులం దూరింది. అలా పడ్డ లోటు ఆ కార్మికుడితో ఆగదు. అతని పిల్లల మొదటి జీతంలోంచి వసూలవుతుంది. అందుకే ముసలివాళ్ల గోల మనకెందుకని ఈ పోస్టు దాటిపోకండి. హాస్టల్లో ఉండి డిగ్రీలు, పీజీలు చదువుతున్న మీ గురించే ఇది.

ముందు లెక్క ఏమిటో చూద్దాం. దీన్ని ఎవరూ మన భాషలో చెప్పరు. చెబితే అడుగుతామని భయం.

ప్రైవేటు రంగంలో పీఎఫ్ ఉన్న కార్మికులకు వచ్చే పెన్షన్ పేరు ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995. అందరూ ఈపీఎస్‌-95 అంటారు. 1995 నవంబర్ 16న మొదలైంది. జీతంలో కార్మికుడు 12 శాతం కడతాడు, అది మొత్తం పీఎఫ్‌లోకి పోతుంది. యజమాని కూడా 12 శాతం కట్టాలి. అందులో 8.33 శాతం పెన్షన్ నిధికి, మిగిలిన 3.67 శాతం పీఎఫ్‌కు. కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. ఇక్కడ జీతం అంటే చేతికొచ్చే మొత్తం కాదని గుర్తుపెట్టుకోండి. బేసిక్, డీఏ మాత్రమే. దానికీ ఒక పరిమితి ఉంది. 2001 నుంచి 6,500. 2014 సెప్టెంబర్ నుంచి 15,000.

యాభై ఎనిమిదేళ్లు నిండాక పెన్షన్ ఎంతో తేల్చే సూత్రం ఒక్క ముక్క: జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బైతో భాగించాలి. జీతమంటే చివరి 60 నెలల సగటు. 2014కు ముందు ఇది చివరి 12 నెలల సగటుగా ఉండేది. మార్చారు. కార్మికుడి జీతం చివర్లోనే కాస్త పెరుగుతుంది కాబట్టి, ఐదేళ్ల సగటు తీస్తే పెన్షన్ తగ్గుతుంది. ఒక్క వాక్యం మార్చి ఎంతమంది కంచంలోంచి ఎంత తీశారో చూడండి.

కనీస పెన్షన్ 1,000 రూపాయలు. 2014 సెప్టెంబర్‌లో పెట్టారు. నేనిది రాస్తున్న రోజుకూ అదే వెయ్యి. ధరలు పెరిగితే పెరిగే డీఏ ఇందులో లేదు. మొదటి నెల ఎంత వస్తే ప్రాణం పోయే నెల కూడా అంతే.

ఇప్పుడు మా ఇంటి లెక్క చెబుతాను. మా బాబాయి గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. నాన్న పోయాక నా చదువు బరువు ఎత్తుకున్నది ఆయనే. నా పీహెచ్‌డీ థీసిస్ బైండింగుకు డబ్బు కూడా ఆయన ఓవర్‌టైం డబ్బే. మిల్లులో చేరింది 1994లో. ఇన్నేళ్లలో ఎక్కువ కాలం బ్లోరూమ్‌లోనే. పత్తి బేళ్లు విప్పి దులిపే చోటు. తెల్లారేసరికి కనురెప్పల మీద కూడా దూది పేరుకునే చోటు. ఆ గదిలో మా పల్లె మనుషులే ఎందుకుంటారు, వైండింగ్‌లో, ఆఫీసులో, స్టోర్సులో ఎవరుంటారు అని ఆ మిల్లులో ఎవరూ రాసిపెట్టలేదు. రాయనక్కర్లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ల పని. పెన్షన్ పుస్తకంలో పడింది 18 ఏళ్లు. మొదట్లో మస్టర్లో పేరే ఎక్కించలేదు. తర్వాత ఎక్కించారు, తర్వాత కాంట్రాక్టర్ కిందకు మార్చారు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ నంబరు, మధ్యలో కొన్ని నెలలు ఖాళీ. మనిషి అదే, మిషను అదే, దగ్గు అదే. నంబరు మాత్రం మారేది. చేతికొచ్చేది 16 వేలు. పుస్తకంలో బేసిక్, డీఏ కలిపి చివరి ఐదేళ్ల సగటు 10,500. మిగతాదంతా ఆ అలవెన్సు, ఈ అలవెన్సు.

లెక్క వేద్దాం. 2014 సెప్టెంబర్‌కు ముందున్న ఏడేళ్లకు జీతం పరిమితి 6,500. ఏడుతో గుణించి డెబ్బైతో భాగిస్తే 650. ఆ తర్వాతి 11 ఏళ్లకు 10,500. పదకొండుతో గుణించి డెబ్బైతో భాగిస్తే 1,650. మొత్తం 2,300 రూపాయలు.

నేను కాగితం మీద వేసి చూపిస్తే బాబాయి చాలాసేపు చూశాడు. "నెలకా అమ్మాయ్, వారానికా?" అన్నాడు. వెటకారమే. కానీ ఆ పక్కన కూర్చున్న పిన్ని నవ్వలేదు.

ఇరవై ఏళ్లు నిండితే ఈ పథకంలో రెండేళ్లు అదనంగా కలుపుతారు. ఆయన 18 దగ్గర ఆగాడు. మాయమైన 13 ఏళ్లలో రెండేళ్లు దొరికినా ఇంకో రెండేళ్లు ఉత్తినే కలిసేవి. అయితే ఒక్క ఏడాది కూడా మాయం కాకుండా 1995 నుంచి అంతా పుస్తకంలోకెక్కి ఉన్నా, ఇదే జీతం మీద ఆ అదనపు రెండేళ్లు కలిపినా పెన్షన్ 4,000 లోపే వచ్చేది. అంతే. అంటే దొంగలెక్కలు రాసినా దోపిడే, సరైన లెక్కలు రాసినా దోపిడే. అందుకే మన పోరాటం రెండు చోట్ల జరగాలి. పుస్తకంలో రాయని ఏళ్ల మీద ఒకటి, పుస్తకాన్నే అలా అచ్చేసిన చట్టం మీద ఇంకొకటి.

కులం ఏ ఏ తలుపుల్లోంచి ఈ సూత్రంలోకి వచ్చిందో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి తలుపు: అసలు లెక్కలోకి ఎవరొస్తారు? పీఎఫ్ చట్టం మామూలుగా 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. పొలంలో కలుపు తీసే మనిషికి లేదు. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి లేదు. మా పిన్ని మిరప తొడిమలు తీస్తుంది. సీజన్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా. చేతులు మండుతుంటే రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటుంది. ఆమె పేరు ఏ మస్టర్లోనూ లేదు. ఆమెకు డెబ్బైతో భాగించడానికి కూడా ఏమీ లేదు. రేపు పెన్షన్ మొదలయ్యాక బాబాయికి ఏమన్నా అయితే ఆమెకు వచ్చేది ఆయన పెన్షన్‌లో సగం, 1,150. నలభై ఏళ్ల ఆమె చాకిరీకి ఈ దేశం వేసిన వెల సున్నా. మొగుడి చాకిరీలో సగం మాత్రం ఆమెకు దయచేస్తారు.

రెండో తలుపు: ఏ పనిలో పెడతారు? ఇది కొత్త సంగతి కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లను నేత విభాగంలోకి రానిచ్చేవాళ్లు కాదు. నాడెలో దారం ఎక్కించడానికి నోటితో పీల్చాలి, మహర్ నోరు తగిలిన దారం మేం ముట్టం అన్నారు తోటి కార్మికులు. జీతం ఎక్కువ ఉన్నది ఆ నేత విభాగంలోనే. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ మాట ఎత్తారు. యజమాని మీద పోరాడే కార్మికులు తమ మధ్య ఉన్న ఈ గోడ సంగతి తేల్చాలని పట్టుబట్టారు. ఇప్పుడు నోటితో దారం పీల్చే పని పోయింది. గోడ పోలేదు. పనిచోటు జీతాన్ని నిర్ణయిస్తుంది, జీతం పెన్షన్‌ను నిర్ణయిస్తుంది. యాభై ఎనిమిదో ఏట వచ్చే అంకె, పాతికో ఏట ఏ గదిలోకి తోశారో అక్కడే రాసిపెట్టి ఉంది.

మూడో తలుపు: జీతం కింద ఏమని రాస్తారు? బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే యజమానికి పీఎఫ్ ఖర్చు తగ్గుతుంది, కార్మికుడికి పెన్షన్ తగ్గుతుంది. అందరికీ ఒకే తీరుగా ఇచ్చే అలవెన్సులను బేసిక్‌లో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పిచ్చింది. తీర్పు ఢిల్లీలో ఉంది. పేస్లిప్ మిల్లులో ఉంది. ఈ రెంటి మధ్య దూరం నడవాల్సింది మనమే.

మేం తెలుగులో ప్రకృతి–వికృతి పాఠం చెబుతాం. జీవితం ప్రకృతి, దాని వికృతి జీతం. పిల్లలు బట్టీపట్టి పరీక్షలో రాస్తారు. పల్లెలో పుట్టినవాళ్లకు అది వ్యాకరణం కాదు. జీవితం మొత్తం పిండితే జీతమనే చిన్న ముక్క మిగులుతుంది. ఆ ముక్కను కూడా బేసిక్ అని ఇంకోసారి కోస్తారు. దాన్ని డెబ్బైతో భాగిస్తారు.

నాలుగో తలుపు: ఏళ్లు ఎలా తెగుతాయి? పదేళ్ల సర్వీసు లేకపోతే నెలవారీ పెన్షనే లేదు. ఏదో కొంత చేతిలో పెట్టి పంపేస్తారు. కాంట్రాక్ట్ మీద మున్సిపాలిటీ చెత్త బండి వెనక నడిచేవాళ్లు, ఆసుపత్రుల్లో నేల తుడిచేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, మిల్లుల్లో హెల్పర్లు ఎవరో మీకు తెలుసు. వీళ్లకు ఏజెన్సీ మారుతుంది, సర్వీసు తెగుతుంది. తెగినప్పుడు ఇంట్లో ఏదో ఒక మంట ఉండనే ఉంటుంది. ఆసుపత్రి బిల్లో, ఆడపిల్ల పెళ్లో, కాలేజీ ఫీజో. పీఎఫ్‌తోపాటు పెన్షన్ డబ్బు కూడా తీసేసుకుంటారు. ఆ ఏళ్లు అక్కడితో చెరిగిపోతాయి. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే ఆ సర్వీసు నిలబడుతుందని ఎవరు చెప్పారు వాళ్లకు? కాంట్రాక్టర్ చెబుతాడా?

ఐదో తలుపు గురించి ఎక్కడా చదివి ఉండరు. పేరు. క్రైస్తవం తీసుకున్న మన పల్లెల్లో మనిషికి రెండు పేర్లుంటాయి. చర్చిలో దానియేలు, కాగితం మీద వెంకటేశ్వర్లు. ఎందుకు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. రిజర్వేషన్ పోతుందన్న భయంతో మనవాళ్లు సర్టిఫికెట్ కోసం ఒక పేరు, ప్రార్థన కోసం ఇంకో పేరు మోస్తున్నారు. మిల్లు మేస్త్రీ పిలిచే పేరు ఏదైతే అది మస్టర్లో పడింది. ఆధార్‌లో రెండోది పడింది. యాభై ఎనిమిదో ఏట పీఎఫ్ ఆఫీసులో కంప్యూటర్ అంటుంది: ఈ ఇద్దరూ ఒకరు కాదు. మా బాబాయి మూడేళ్లు ఈ ఒక్క అక్షరాల తేడా సరిచేయించడానికి తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. ఒక గుమాస్తా అడిగాడట, "నీ అసలు పేరేమిటయ్యా?" అని. మతం మారితే కులం పోదని ఊరు చెబుతుంది. మతం మారితే కులం ఉండదని చట్టం చెబుతుంది. ఈ రెండు అబద్ధాల మధ్య నలిగిన మనిషిని పట్టుకుని అసలు పేరేమిటని అడుగుతున్నారు.

ఇన్ని తలుపులు దాటొచ్చిన 2,300ను చూసి, ఇతనికి పొదుపు తెలీదు అనే నోరుంటే, ఆ నోటికి నేనేం చెప్పను.

ఇక నాకు ఎదురయ్యే వాదనలకు వద్దాం. మంచి మనసుతో అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి మర్యాదగానే జవాబిస్తాను.

మొదటి వాదన: ప్రభుత్వాలు వృద్ధాప్య పెన్షన్ ఇస్తున్నాయి కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000, తెలంగాణలో ఆసరా కింద 2,016. ఇస్తున్నాయి. తీసుకుంటున్న ఏ అవ్వ మీదా, ఏ తాత మీదా నాకు కోపం లేదు, వాళ్లకు ఇంకా పెంచాలి. జాతీయ వృద్ధాప్య పెన్షన్ కింద కేంద్రం ఇచ్చేది 80 ఏళ్లలోపు వాళ్లకు నెలకు 200, ఆ పైన 500. ఢిల్లీ మన ముసలివాళ్లకు కట్టిన విలువ అది. కానీ ఒక్క సంగతి గమనించండి. జీవితమంతా చందా కట్టిన కార్మికుడి కనీస పెన్షన్ 1,000. చందాతో పనిలేని పెన్షన్ 4,000. ఇందులో పెద్దది ఎక్కువని కాదు, చిన్నది దొంగతనం అని. కట్టించుకున్న డబ్బుకు ఇచ్చే హక్కు, కట్టకుండా ఇచ్చే సాయంకన్నా చిన్నదైపోతే దాన్ని పెన్షన్ పథకం అని ఎలా అంటారు?

పైగా ఆ పథకాల పేర్లు చూడండి. ఒక ప్రభుత్వంలో అది కానుక. ఇంకో ప్రభుత్వంలో భరోసా. రెండింటికీ ముందు ఒక నాయకుడి పేరు. కానుక అన్నారంటే ఇచ్చినవాడికి దండం పెట్టాలి. మన తాతలకు ఇది బాగా తెలిసిన ఏర్పాటు. ఊరి వెట్టి చేసినందుకు వెట్టి మాన్యం అని ఇంత చెక్క ఇచ్చేవాళ్లు. ఆ చెక్క చూపించి ఊరంతా పని చేయించుకునేది. మహారాష్ట్రలో దాన్ని వతన్ అన్నారు. ఆ వతన్ మహర్లను తరతరాలుగా కట్టిపడేసే గుంజ అని గ్రహించిన బాబాసాహెబ్ 1928లో బొంబాయి కౌన్సిల్లో దాని మీద బిల్లు పెట్టారు. మనకు కావలసింది దయతో విదిల్చిన చెక్క కాదు, చేసిన పనికి లెక్కగట్టిన హక్కు అన్నదే ఆ పోరాటం సారం.

పెన్షన్ యజమాని దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 1982 డిసెంబర్ 17న, డీ.ఎస్. నకారా కేసులో. ఆ రోజునే ఏటా పెన్షనర్ల దినం జరుపుకుంటారు. అయితే ఆ కేసు ప్రభుత్వ పెన్షనర్లది. ఆ తీర్పు వెలుగు మిల్లు గేటు దాకా రాలేదు.

రెండో వాదన: నిధిలో డబ్బు లేదు. ఎక్కువ ఇస్తే కూలిపోతుంది. మంచిది, డబ్బు ఎందుకు లేదో చెప్పండి. జీతం పరిమితిని 2001 నుంచి 2014 దాకా పదమూడేళ్లు 6,500 దగ్గరే కదలకుండా ఉంచింది ఎవరు? 2014లో 15,000 చేసి మళ్లీ పదకొండేళ్లకు పైగా నిద్రపోయింది ఎవరు? పరిమితి కదలకపోతే యజమాని కట్టేది కదలదు. 15,000 మీద 8.33 శాతం అంటే నెలకు 1,250. యజమాని ఎంత లాభం చేసుకున్నా, కార్మికుడి జీతం ఎంత పెరిగినా చట్టం అడిగేది అంతే. చెంబుతో పోయించి, బిందె నిండలేదేమని దాహంతో ఉన్నవాణ్ణి అడుగుతున్నారు.

ఇంకో పోలిక చెబుతాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పెన్షన్ పథకం తెచ్చారు. పదేళ్ల సర్వీసుతో రిటైరైతే కనీసం నెలకు 10,000. ఈపీఎస్‌లోనూ కనీస అర్హత పదేళ్లే. కనీస పెన్షన్ 1,000. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, ఒకే పదేళ్లు. ఒక సున్నా తేడా. ఆ సున్నా అవతల ఎవరున్నారు, ఇవతల ఎవరున్నారు?

ఇక్కడ ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాల మిత్రులతో ఒక మాట. సీపీఎస్ రద్దు చేసి పాత పెన్షన్ ఇవ్వాలని మీరు ధర్నా చేస్తే మేమూ వచ్చాం, వస్తాం. మీ స్కూల్ ఊడ్చే ఆయాకు, మీ ఆఫీసు ముందు నిలబడే గార్డుకు ఎంత పెన్షన్ వస్తుందో మీ డిమాండ్ల పత్రంలో ఎన్నో అంశంగా ఉంది? అలాగే 2022 నవంబర్ 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అధిక పెన్షన్ గురించి పేజీలకు పేజీలు రాశారు. అది జీతం పరిమితికి మించి సంపాదించినవాళ్ల న్యాయమైన గొడవ. వాళ్లకు దక్కాలి. కానీ అసలు ఆ పరిమితినే అందుకోని మనిషి గురించి అన్ని పేజీలు ఎవరు రాశారు?

మూడో వాదన అన్నింటికన్నా తీయటిది: పిల్లలు చూసుకుంటారు కదా.

చూసుకుంటాం. చూసుకుంటున్నాం. నేను ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. మా స్టాఫ్‌రూమ్‌లో నాతో సమానంగా జీతం తీసుకునే ఒక సహోద్యోగి ఉన్నారు. వాళ్ల నాన్నగారు రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. సొంతిల్లుంది, డీఏతో పెరిగే పెన్షనుంది, వైద్యం కార్డుంది. ఆయన జీతం ఆయన చేతిలో ఉంటుంది. అందులోంచి ప్లాటు వాయిదా కడతారు, పిల్లల పేర దాస్తారు. నా జీతం రాగానే మూడిళ్లకు నడుస్తుంది. అమ్మ మందులు, బాబాయి వాళ్ల అద్దె, తమ్ముడి కోచింగ్. ఇద్దరి పేస్లిప్పులూ ఒకటే. పదేళ్ల తర్వాత ఇద్దరి ఆస్తులూ చూడండి. అప్పుడు ఎవరో వచ్చి వాళ్లు జాగ్రత్తపరులు, వీళ్లకు పొదుపు తెలీదు అని పాఠం చెబుతారు.

మిత్రులారా, కులం పోయిందా లేదా అని సెమినార్లలో కొట్టుకుంటాం. కులం నెలకోసారి, ఒకటో తారీకున, ఫోన్‌పేలో నా ఖాతాలోంచి బాబాయి ఖాతాలోకి పోతుంది. మిల్లు ఎగ్గొట్టిన పదమూడేళ్లను వాయిదాల మీద కడుతున్నది నేను. బాబాయికి పెట్టడం నాకు భారం కాదు, ఆయన అన్నం తిని పెరిగిన దాన్ని. మిల్లు బాకీని నా చేత కట్టిస్తూ, దానికి కుటుంబ విలువలు అని పేరు పెట్టడమే నాకు భారం.

పెన్షన్ ఉంటే ఏమవుతుందో కూడా మన చరిత్రే చెబుతుంది. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో పనిచేసి, కొడుకు చిన్నతనంలోనే రిటైరై పెన్షన్ అందుకున్న మనిషి. ఆ ఇంట్లో కరువుంది, అవమానాలున్నాయి. అయినా నెల తిరిగేసరికి ఒక నమ్మకమైన రూపాయి వచ్చేది, తండ్రికి కొడుకును బడికి పంపే పట్టుదల ఉండేది. ఆ పెన్షనే అంబేద్కర్‌ను తయారుచేసిందని అనను. ఆ తండ్రిని కొడుకు బాల్యం మీద భారం కాకుండా నిలబెట్టిన వాటిలో అదొకటి అంటాను. 1890ల్లోనే మహర్లను సైన్యంలో చేర్చుకోవడం బ్రిటిష్‌వాళ్లు ఆపేశారు. ఆ తలుపుతోపాటు ఎంతమంది పిల్లల బడులు మూతపడ్డాయో ఊహించండి. వాడలో ఒక తండ్రికి సరైన పెన్షన్ రావడమంటే, ఒక పిల్ల పీజీ మధ్యలో ఆపి ఉద్యోగానికి పరుగెత్తకపోవడం. మీలో ఎంతమంది రీసెర్చ్ కల ఇంటి లోటు దగ్గర ఆగిపోయిందో నాకు తెలుసు. క్లాసులో మీ మొహాలు చూస్తూనే ఉన్నాను.

అందుకే నాకు సర్దుకోవడం మీద పాఠాలు అక్కర్లేదు. మన అమ్మలకు ఆ విద్యలో పీహెచ్‌డీలు ఉన్నాయి. చేయాల్సిన పనులు చెబుతాను, రాసుకోండి.

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ నాన్నదో, అమ్మదో, మేనమామదో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. యూఏఎన్ నంబరు ఉందా, అది వాళ్ల ఫోన్‌కే కలిపి ఉందా, కాంట్రాక్టర్ ఫోన్‌కు ఉందా చూడండి. పెన్షన్ కాలమ్‌లో ప్రతి నెలా డబ్బు పడిందా చూడండి. ఎన్ని పాత నంబర్లున్నాయో కనుక్కుని అన్నీ ఒక్కటి చేయించండి. పేరు, పుట్టిన తేదీ తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్ ఇప్పుడే పెట్టండి, యాభై ఎనిమిదో ఏట దాకా ఆగకండి. పదేళ్లు నిండకుండా పని మారితే పెన్షన్ డబ్బు తీయనివ్వకండి, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోమనండి. పాత పేస్లిప్పు, గేట్ పాస్, ఐడీ కార్డు, హాజరు చీటీ ఏది దొరికినా ఫొటో తీసి దాచండి. రాయని ఏళ్లకు అవే సాక్ష్యాలు.

కాంట్రాక్టర్ కట్టకపోతే ప్రధాన యజమానిదే బాధ్యత. చట్టం అలాగే చెబుతుంది. కాంట్రాక్టర్ పారిపోయాడు, మేమేం చేస్తాం అని మిల్లు అంటే ఒప్పుకోకండి. పీఎఫ్ ఆఫీసులో విచారణ జరపమని అర్జీ పెట్టించండి. ఒక్కరు వెళ్తే గుమాస్తా అసలు పేరేమిటని అడుగుతాడు. యాభై మంది కలిసి వెళ్తే కుర్చీ వేస్తాడు. లా చదివే మిత్రులు వాడకు ఒకరు చొప్పున ఒక ఆదివారం ఇవ్వండి. అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ తగ్గించి, కమ్యూనిటీ హాల్లో ఒక కంప్యూటర్ పెట్టి ఊరి పాస్‌బుక్కులన్నీ తెరిపించండి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన మనిషి. ఆయనకు అంతకన్నా పెద్ద దండ ఉండదు.

ఇవి ఇంటి స్థాయి పనులు. వీటితో చట్టం మారదు. చట్టం ముందు మన డిమాండ్లు పెట్టాలి. కనీస పెన్షన్ 7,500, దానికి డీఏ కావాలని ఈపీఎస్ పెన్షనర్లు ఏళ్లుగా రోడ్ల మీద ఉన్నారు. ఎనభై ఏళ్ల మనుషులు టెంట్లలో కూర్చుంటున్నారు. ఆ టెంట్లలోకి విద్యార్థి సంఘాలు వెళ్లాలి. జీతం పరిమితి ధరలతోపాటు కదలాలి. ఐదేళ్ల సగటు పోయి మళ్లీ చివరి ఏడాది జీతం రావాలి. ఏజెన్సీ మారినా పని అదే అయితే సర్వీసు తెగకూడదు. ఇంటిపని, పొలంపని చేసే ఆడవాళ్లకు వాళ్ల సొంత పేరు మీద పెన్షన్ ఉండాలి, మొగుడి పెన్షన్‌లో సగంగా కాదు. దళిత క్రైస్తవుల పేర్ల గొడవ పీఎఫ్ ఆఫీసు కౌంటర్లో తేలేది కాదు. 1950 ఉత్తర్వు దగ్గర తేలాలి. ఆ డిమాండ్‌కు ఈ కడుపు కోణం కూడా ఉందని మన సభల్లో చెప్పండి.

బాబాయికి ఇంకా కొన్ని నెలల పని ఉంది. మేం విచారణ అర్జీ పెట్టాం. ఆయనతోపాటు అదే గదిలో పనిచేసిన 22 మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. గెలుస్తామో లేదో తెలీదు. అర్జీ కాగితం మీద ఆయన తన రెండు పేర్లూ రాయించాడు. ఒకదాని కింద ఒకటి, రెంటికీ సంతకం చేశాడు.

మీ ఇంట్లో పాస్‌బుక్ తెరిచాక ఎన్ని ఏళ్లు మాయమయ్యాయో లెక్క తీసి పెట్టుకోండి. రేపు మనం కలెక్టరేట్ ముందు నిలబడినప్పుడు నినాదంతోపాటు ఆ లెక్క కూడా మన చేతిలో ఉండాలి.

వచ్చే భాగంలో మిరప తొడిమలు తీసే ఆడవాళ్ల కూలి లెక్క రాస్తాను.

జై భీమ్.